పాలు పట్టేటప్పుడు ప్రాణం పోయేంత నొప్పి: ఓర్చుకోవాలా, మానేయాలా?

ప్రశ్న (మలికిపురం దగ్గర ఒక ఊరి నుంచి)

అక్కలూ, పాప పుట్టి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఆపరేషన్ కాన్పు. పుట్టింట్లో ఉన్నాను. పాలు బాగానే పడ్డాయి, ఆ దిగులు లేదు. కానీ పాప నోరు పెట్టిందంటే చాలు, కాలి వేళ్ళు ముడుచుకుపోయేంత నొప్పి. కుడివైపు చనుమొన చీలి నెత్తురు వచ్చింది. నిన్న పాప కక్కిన పాలలో ఎర్రటి చార కనబడి ఇంట్లో అందరం హడలిపోయాం. ఇప్పుడు పాప ఏడుపు వినపడితే ముద్దు రావడం పోయి, అమ్మో మళ్ళీ టైమయిందా అని గుండె దడ వస్తోంది. అలా అనిపించిందని మళ్ళీ నేనే ఏడుస్తున్నాను.

అమ్మేమో "మొదట్లో అందరికీ అంతేనే, ఓర్చుకో, మొన గట్టిపడిపోతుంది" అని కొబ్బరినూనె రాస్తోంది. అత్తగారు ఫోన్లో "డబ్బాపాలు మొదలెట్టెయ్యండి, ఎందుకా బాధ" అన్నారు. డిశ్చార్జ్ రోజు ఆసుపత్రిలో ఆయింట్‌మెంట్ రాసిచ్చారు గానీ పాలెలా పట్టాలో ఎవరూ చూపించలేదు. నాకు కనీసం అన్నప్రాసన దాకానైనా నా పాలే ఇవ్వాలని ఉంది. దారి చెప్పండి.

జవాబు (పాలకొల్లు నుంచి, ఇద్దరు పిల్లల తల్లి)

ముందు ఆ ఎర్ర చార గురించి కంగారు పడకండి. అది మీ చీలికలోంచి వచ్చిన నెత్తురే, పాపకి ఏమీ కాదు. మా పెద్దాడికీ అలాగే అయింది. అప్పుడు నాకు చెప్పేవాళ్ళు లేక ఇరవయ్యో రోజుకే మానేశాను. చిన్నదానికి ఏడాదిన్నర ఇచ్చాను. తేడా అంతా బిడ్డని పట్టుకునే తీరులో ఉందండి. ఈ గ్రూపులో నర్సుగా చేసిన ఆంటీ ఉన్నారు, ఆవిడే వివరంగా చెబుతారు.

జవాబు (అమలాపురం నుంచి, కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను)

అమ్మా, ఓర్చుకోమన్న మాటా, మానెయ్యమన్న మాటా రెండూ పక్కన పెట్టు. మొన గట్టిపడి నొప్పి పోతుందనేది పాతమాట. మొదటి వారం పది రోజులు, బిడ్డ నోరు పెట్టగానే ఓ అరనిమిషం చురుక్కుమంటే అది మామూలే. ముప్పై అంకెలు లెక్కపెట్టేలోపు తగ్గిపోవాలి. పాలు తాగినంతసేపూ నొప్పి ఉందన్నా, చీలిందన్నా బిడ్డ సరిగ్గా పట్టలేదన్నమాటే. చాలామందికి కారణం ఇదే.

నీకై నువ్వే చూసుకోవచ్చు. పాప వదిలిన వెంటనే మొన ఎలా ఉందో చూడు. గుండ్రంగా ఉంటే సరే. కొత్త లిప్‌స్టిక్ కొనలా ఏటవాలుగా నొక్కుకుపోయి, తెల్లగా పాలిపోయి ఉంటే పాప మొనని మాత్రమే పట్టి చీకుతోందన్నమాట. నీ నాలుక ఒకసారి అంగిట్లో పెట్టి చూసుకో. ముందు గట్టిగా ఎముకలా తగులుతుంది, వెనక్కి పోతే మెత్తగా ఉంటుంది. మొన ఆ మెత్తటి చోటు దాకా వెళ్ళాలి. ముందే ఆగిపోతే నాలుకకీ ఆ గట్టి అంగిలికీ మధ్య నలిగిపోతుంది. రసం మామిడిపండు ముచ్చిక ఒక్కటీ చీకితే ఏమొస్తుంది చెప్పు? పండు మొత్తం నొక్కితేనే కదా రసం. ఇదీ అంతే. పాప నోట్లోకి మొనతోపాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా వెళ్ళాలి, అందులోనూ కిందివైపు ఎక్కువ వెళ్ళాలి.

నీకు కుట్లున్నాయి కాబట్టి పాపని చంక కింద పట్టుకుని చూడు. గోడకి ఆనుకుని కూర్చో, పక్కన రెండు తలగడలు పెట్టుకో. పాప కాళ్ళు నీ వీపు వైపు పోవాలి, ఒళ్ళు నీ చంక కింద, తల నీ అరచేతిలో. కుట్లమీద బరువే పడదు. చెవి, భుజం, నడుము ఒకే వరుసలో ఉండాలి. మెడ పక్కకి తిప్పుకుని నువ్వు మంచినీళ్ళు తాగగలవా? పాపకీ అంతే.

ఇప్పుడు అసలు సంగతి. పాప ముక్కు మొనకి ఎదురుగా రావాలి, నోరు కాదు. మొనతో పై పెదవి మీద తాకిస్తూ ఉండు. చిన్నగా నోరు తెరవగానే తొందరపడి పెట్టేస్తారు, అక్కడే పాడవుతుంది. ఆవలించినట్టు పెద్దగా తెరిచేదాకా ఆగు. తెరవగానే పాపని చటుక్కున దగ్గరికి తెచ్చుకో, ముందు గడ్డం ఆనాలి. నువ్వు ముందుకి వంగి రొమ్ము నోట్లో పెట్టొద్దు. అలా వంగి వంగే బాలింతలకి నడుంనొప్పి కూడా వస్తుంది. తల వెనక చెయ్యి పెట్టి నొక్కకు, పాప వెనక్కి తోస్తుంది. మెడ దగ్గర పట్టుకో.

సరిగ్గా పట్టిందీ లేనిదీ తెలిసిపోతుంది. కింది పెదవి బయటికి విచ్చుకుని ఉంటుంది, గడ్డం రొమ్ముకి అతుక్కుని ఉంటుంది, బుగ్గలు లోపలికి గుంటలు పడవు. గుటక వినబడుతుంది. టక్ టక్‌మని చప్పుడొస్తే పట్టు జారుతోందన్నమాట. ముప్పై లెక్కపెట్టినా నొప్పి తగ్గకపోతే లాగెయ్యకు, ఇంకా చీలుతుంది. నీ చిటికెనవేలు శుభ్రంగా కడుక్కుని పాప నోటి మూలలోంచి లోపలికి పోనిచ్చి పట్టు విడిపించు. మళ్ళీ పెట్టు. మొదటిరోజు పదిసార్లు తీసి పెట్టాల్సివచ్చినా విసుక్కోవద్దు. ఇంకొకటి, మనవైపు చాలామంది ముక్కుకి ఊపిరాడదని రెండువేళ్ళతో కత్తెరలా రొమ్ము నొక్కి పట్టుకుంటారు. ఆ వేళ్ళే నల్లటి భాగాన్ని నోట్లోకి పోనివ్వవు. దూరంగా, కింద అరచెయ్యి ఆనించి పట్టుకో.

రొమ్ము రాయిలా బిగిసి ఉన్నప్పుడు పాపకి పట్టు చిక్కదు. ముందు చేత్తో కొంచెం పాలు పిండేసి, మెత్తబడ్డాక పెట్టు.

ఇక చీలికకి మందు నీ దగ్గరే ఉంది. తాగించాక రెండు చుక్కల పాలు పిండి మొనకి రాసి, గాలికి ఆరనివ్వు. మందులషాపులో శుద్ధిచేసిన లానోలిన్ అడిగితే ఇస్తారు, పల్చగా రాసుకుంటే చాలు, పాలిచ్చేముందు తుడవక్కర్లేదు. మీ అమ్మగారి కొబ్బరినూనె శుభ్రమైనదైతే కొద్దిగా రాసుకున్నా తప్పులేదు. కానీ ఏ నూనె, ఏ ఆయింట్‌మెంట్ రాసినా పట్టు సరిచెయ్యకపోతే మళ్ళీ చీలుతుంది. సబ్బు, డెట్టాల్, పసుపు మాత్రం అక్కడ వద్దు. తడిసిన గుడ్డ అలాగే ఉంచుకోకు.

ముందు నొప్పి తక్కువున్న ఎడమవైపు పెట్టు, ఆకలి మీద గట్టిగా లాగేది మొదట్లోనే. కుడివైపు అసలు ముట్టుకోనివ్వలేకపోతే ఒకటి రెండు రోజులు దానికి విశ్రాంతి ఇవ్వు, కానీ పాప తాగే ప్రతి వేళకీ ఆ వైపు చేత్తో పిండెయ్యాలి. లేకపోతే గడ్డకడుతుంది, పాలూ తగ్గుతాయి. ఆ పాలు ఉగ్గుగిన్నెతో పట్టు. సీసా వద్దు, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లకి రెండు రకాల పట్లు గందరగోళం. మన ఎండల్లో పిండిన పాలు బయట ఉంచొద్దు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేస్తే నాలుగు రోజుల వరకూ వాడుకోవచ్చు. నొప్పికి పారాసిటమాల్ పాలిచ్చే తల్లులు వేసుకోవచ్చు, మోతాదు నీ డాక్టర్ని అడుగు.

ప్రశ్న వేసినవారు

ఆంటీ, చదువుతుంటేనే కళ్ళనీళ్ళు తిరిగాయి. నేను అచ్చం ఆ కత్తెర పట్టే పడుతున్నాను! లిప్‌స్టిక్ కొనలా అన్నది కూడా నిజమే. ఇవాళే మొదలుపెడతాను. పథ్యం వల్ల ఏమైనా తేడానా? కాయం, వెల్లుల్లి కారం, సొరపుట్టు పెడుతున్నారు. మంచినీళ్ళు మాత్రం తక్కువ ఇస్తున్నారు, పొట్ట వస్తుందని.

జవాబు (అమలాపురం నుంచి)

తిండికీ ఈ నొప్పికీ సంబంధం లేదు. సొరపుట్టు హాయిగా తిను, నాక్కూడా ఓ ముద్ద ఉంచు. నీళ్ళు తగ్గించడం మాత్రం తప్పు. దాహమేసినప్పుడల్లా తాగు, పాలిచ్చేటప్పుడు పక్కన చెంబు ఉండాలి.

జవాబు (భీమవరం నుంచి)

నాదో మాట. ఎంత సరిగ్గా పెట్టినా నాకు నొప్పి పోలేదండి. చివరికి పిల్లల డాక్టరు బాబు నోరు చూసి, నాలుక కింద పొర పొట్టిగా ఉంది, నాలుక ముందుకి రావడం లేదు అన్నారు. చిన్నగా కత్తిరించారు. తర్వాత పట్టు కుదిరింది. అందరికీ ఇదే అని కాదు, మీ పాప ఏడ్చేటప్పుడు నాలుక పైకి లేస్తోందో లేదో ఒకసారి గమనించండి.

జవాబు (అమలాపురం నుంచి)

మంచిమాట గుర్తుచేశారు. ఇంకొకటి కూడా ఉంది. కొన్నాళ్ళు బాగానే ఉండి హఠాత్తుగా కారం రాసినట్టు మంట మొదలై, పాలిచ్చాక కూడా ఉండిపోతే, మొన మెరుస్తూ గులాబిరంగులో ఉంటే, పాప నోట్లో తుడిచినా పోని తెల్లమచ్చలుంటే ఫంగస్ అనుమానించాలి. దానికి తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ఒకేసారి మందు వాడాలి, ఒకరికే వాడితే ఒకరినుంచి ఒకరికి తిరుగుతుంది.

రొమ్ములో ఒకచోట ఎర్రగా, వేడిగా, గట్టిగా అయి 101 డిగ్రీలు దాటి జ్వరం వస్తే, మొన దగ్గర చీము కనబడితే ఆరోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. అప్పుడు కూడా పాలు ఆపకూడదు. ఆపితే ఇంకా బిగుస్తుంది. గట్టిగా పిసికి మర్దనా చెయ్యొద్దు, చల్లటి గుడ్డ వెయ్యండి.

పాపకి పాలు చాలుతున్నాయో లేదో ఏడుపుని బట్టి తేల్చొద్దు. ఐదోరోజు దాటాక రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఉచ్చ పోయాలి, రెండు వారాలకి పుట్టినప్పటి బరువుకి రావాలి. అలా లేదంటే డాక్టర్ని కలవాలి. అప్పుడు వాళ్ళు కొన్నాళ్ళు పైపాలు పట్టమంటే పట్టడంలో నామోషీ ఏమీ లేదు. మీ అత్తగారు చెప్పినట్టు నొప్పికి భయపడి మాత్రం మొదలెట్టొద్దు. పాప మన దగ్గర తాగేది తగ్గితే మన పాలూ తగ్గుతాయి.

నీకు తొమ్మిదో రోజు అన్నావు కదా, ఆశా కార్యకర్త పద్నాలుగో రోజుకి ఇంటికి రావాలి. తర్వాత 21, 28, 42 రోజులకి కూడా. ఆమె వచ్చిన వేళకే పాలు పట్టి చూపించు. చదివినదానికంటే ఎదురుగా కూర్చుని ఒకరు సరిచేస్తేనే తొందరగా వస్తుంది.

ప్రశ్న వేసినవారు (ఆరు రోజుల తర్వాత)

చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. మొదటి రెండు రోజులు చంక కింద పట్టుకోవడం కుదరక నేనూ పాపా ఇద్దరం ఏడ్చాం. మూడోరోజు ఎడమవైపు కుదిరింది, గుటక వినబడితే అమ్మ పక్కనుంచి "అదిగోనే!" అంది. కుడివైపు రెండు రోజులు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాం. ఆశా అక్క వచ్చి చూసి, నా మోచెయ్యి కాస్త కిందికి దించి, ఇంకో తలగడ పెట్టింది, అంతే. చీలిక ఆరుతోంది. మొదట్లో పది అంకెల వరకూ చురుక్కుమంటుంది, తర్వాత ఏమీ లేదు. అమ్మ ఇప్పుడు పక్కింటి బాలింతకి పాఠం చెప్పడానికి వెళ్ళింది!

ఒక్క సందేహం. రాత్రి మూడుసార్లు లేచి కూర్చోలేకపోతున్నాను. పడుకుని ఇవ్వొచ్చా?

జవాబు (అమలాపురం నుంచి)

ఇవ్వొచ్చమ్మా. ఇద్దరూ పక్కకి తిరిగి, పొట్టకి పొట్ట ఆనేలా పడుకోండి. పాప తల నీ చెయ్యి మీద పెట్టుకోకు, పరుపు మీదే ఉండనీ. పాప వీపు వెనక తలగడలాంటివేవీ వద్దు, నీ చెయ్యే ఆనించు, తాగాక వెల్లకిలా పడుకోబెట్టు. పరుపు మెత్తగా దిగబడేది కాకూడదు, దుప్పట్లు పాప ముఖానికి దూరంగా ఉండాలి. కుర్చీలోనో సోఫాలోనో పాపని పట్టుకుని మాత్రం కునుకు తియ్యకు. పట్టు చూసుకోవడానికి మొదటి నాలుగు రాత్రులు చిన్న లైటు వేసి ఉంచు.