పీటర్ పార్కర్ పెళ్లి మళ్లీ తెస్తారా? మీరు ఎక్కడ చదవడం ఆపేశారు?

గాజువాక సాలీడు:
మన వైజాగ్‌లో స్పైడర్‌మ్యాన్ సినిమాలకు వెళ్లేవాళ్లు బోలెడుమంది, కామిక్స్ చదివేవాళ్లు తక్కువ. ఆ కొద్దిమందిలోనూ నాకు తెలిసినవాళ్లంతా ఎక్కడో ఓ చోట విసిగి ఆపేసినవాళ్లే. నేను 2007లో 'వన్ మోర్ డే' దగ్గర ఆపేశాను. చదవనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో: పీటర్ పార్కర్ అంటే స్పైడర్‌మ్యానే, వాణ్ణి పెంచిన మే ఆంటీకి తూటా తగిలి చావుబతుకుల్లో ఉంటుంది. మెఫిస్టో అనే సైతాను వచ్చి ఆమెను బతికిస్తానంటాడు. బదులుగా ఆస్తి అడగడు, ఆత్మ అడగడు, పీటర్‌కీ మేరీ జేన్‌కీ జరిగిన పెళ్లి ఇచ్చెయ్యమంటాడు. ఇద్దరూ ఒప్పుకుంటారు. తెల్లారేసరికి ఆ పెళ్లి జరిగినట్టే ఎవరికీ గుర్తుండదు. 1987లో చేసిన పెళ్లిని నాలుగు సంచికల్లో తుడిచేశారు.

ఈ మధ్య మళ్లీ ఆశ పుట్టి అడుగుతున్నాను. ఆ పెళ్లి తిరిగొస్తుందంటారా? మీరు ఎక్కడ ఆపేశారు, మళ్లీ మొదలెడితే ఎందుకు మొదలెట్టారు?

ఉక్కునగరం పాతకాపు:
నాది మీకంటే ముందు తరం బాబూ. స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో మాకు స్పైడర్‌మ్యాన్ అంటే ఇంగ్లిష్ పేపర్లో రోజూ వచ్చే రెండు మూడు గళ్ల బొమ్మల కథ. నాన్నగారు చదవడం అయ్యాక కత్తిరించి పాత నోట్‌బుక్‌లో అంటించేవాణ్ణి. స్పైడర్‌మ్యాన్‌ని పుట్టించిన రచయిత స్టాన్ లీ, బొమ్మలేసే జాన్ రొమీటా కలిసి 1977 జనవరిలో మొదలెట్టిన స్ట్రిప్ అది. దాని సంగతి చాలామందికి తెలీదు. 2009 మొదట్లో కామిక్స్‌ని చూసి ఇందులోనూ పెళ్లి తీసేసి పీటర్‌ని మళ్లీ బ్రహ్మచారిని చేశారు. కొన్ని నెలలు తిరక్కుండానే అదంతా కల అని చెప్పి పెళ్లాన్ని వెనక్కి తెచ్చారు. 2019లో కొత్త స్ట్రిప్‌లు ఆగేదాకా ఇద్దరూ భార్యాభర్తలే. అంటే వెనక్కి తేవడం చేతకాక కాదు, తేకూడదనే తేవట్లేదు.

కంచరపాలెం కిట్టు:
నేను ఎదురుమాట చెబుతాను, తిట్టకండి. తీసెయ్యడమే మంచిదైంది. స్పైడర్‌మ్యాన్ అంటే ఇంటద్దెకు డబ్బుల్లేక, ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో తెలీక, అమ్మాయికి ఇచ్చిన మాట నిలబెట్టుకోలేక నలిగిపోయే కుర్రాడు. పెళ్లాం సూపర్ మోడల్, సినిమా నటి అయ్యాక ఆ కష్టం ఎక్కడుంది? ఈ కామిక్స్ వేసే మార్వెల్ కంపెనీకి అప్పటి ఎడిటర్ ఇన్ చీఫ్ జో కెసాడా వాదన కూడా అదే. విడాకులు ఇప్పిస్తే పీటర్ ఇంకా పెద్దవాడిగా కనిపిస్తాడు, భార్యను చంపేసినా అంతే, అందుకే మాయ చేసి తీసేశామన్నాడు. పద్ధతి చెత్తగా ఉందంటే ఒప్పుకుంటాను. పని మాత్రం సరైనదే.

సీతమ్మధార చదువరి:
కిట్టు గారూ, కుర్రాడిగా ఉంచడం కోసమే పెళ్లి తీసేశారన్నారు కదా. ఆ తర్వాత వాళ్లే ఏం చేశారు? 2013లో డాక్టర్ ఆక్టోపస్ అనే విలన్ పీటర్ శరీరంలో దూరి పీహెచ్‌డీ పూర్తి చేసి పార్కర్ ఇండస్ట్రీస్ పెట్టాడు. 2015కల్లా మన పీటర్ దానికి సీఈఓ, షాంఘైలో ఆఫీసు. అద్దె కట్టలేని కుర్రాడు కావాలని పెళ్లిని బలిపెట్టి, చివరికి కంపెనీ ఓనర్ని చేసి కూర్చోబెట్టారు! అప్పుడెవరికీ వయసు గుర్తు రాలేదేం?

కంచరపాలెం కిట్టు:
అమ్మో మేడం, గట్టిగానే తగిలింది. కానీ 'సుపీరియర్ స్పైడర్‌మ్యాన్' బావుంటుందా ఉండదా చెప్పండి. ఒళ్లు పీటర్‌ది, బుద్ధి విలన్‌ది. ఇంట్లో భార్య ఉంటే మొదటి రోజే పట్టేసేది, కథ అక్కడితో అయిపోయేది.

సీతమ్మధార చదువరి:
బావుంటుంది. కాదని నేనన్లేదు.

బీచ్‌రోడ్ బ్రో:
అన్నా, అక్కా, నేను ఇందులో కొత్త. 2021 డిసెంబర్లో 'నో వే హోమ్' తెలుగులో చూసి, చివర్లో అందరూ పీటర్‌ని మర్చిపోతే ఫీలైపోయి, ఈ ఐడియా ఎక్కడిదని వెతికితే 'వన్ మోర్ డే' దొరికింది. అదే నేను చదివిన మొదటి కామిక్. అక్కడ మొదలెట్టకూడదని ఎవరూ చెప్పలేదు 😭 తర్వాత 2024లో వచ్చిన కొత్త 'అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్' పట్టుకున్నాను. జొనాథన్ హిక్‌మన్ రాశాడు, బొమ్మలు మార్కో చెకెట్టో. ఇందులో పీటర్‌ని సాలీడు కుట్టేసరికే పెళ్లయి ఇద్దరు పిల్లలు, గడ్డం, పొట్ట కూడా కొంచెం. అసలు కథలో మొదట్లోనే చనిపోయే బెన్ అంకుల్ ఇక్కడ బతికే ఉంటాడు, మే ఆంటీ ఉండదు. బెన్ అంకుల్, పత్రిక ఎడిటర్ జేమ్సన్ కలిసి పేపర్ పెట్టడానికి తిప్పలు పడే సీన్లు నాకు ఫైట్ల కంటే ఎక్కువ నచ్చాయి.

గాజువాక సాలీడు:
నా ఆశ అదే తమ్ముడూ. నేను మళ్లీ మొదలెట్టింది దాంతోనే. మొదటి సంచికను మళ్లీ మళ్లీ ప్రింట్ వెయ్యాల్సొచ్చిందంటే పెళ్లయిన పీటర్‌ని చదివేవాళ్లు లేరన్న మాట ఇంక చెల్లదు కదా.

ఉక్కునగరం పాతకాపు:
అది ముందు నుంచీ చెల్లదు. 1998లో మొదలైన 'స్పైడర్ గర్ల్' పీటర్, మేరీ జేన్‌ల కూతురు మేడే కథ. ఆపేద్దామనుకున్న ప్రతిసారీ పాఠకులు పట్టుబట్టి నిలబెట్టుకుంటే 100 సంచికలు వచ్చింది. 2015లో 'రిన్యూ యువర్ వోస్'లో ఇంకో కూతురు, యానీ. ఎటొచ్చీ ఇవన్నీ వేరే లోకాలు. అసలు ఇంట్లో మాత్రం చోటు లేదు.

ఇంకో సంగతి. పీటర్ ఎప్పుడూ కుర్రాడే అన్నది మొదట్లో లేదు. 1962లో పదిహేనేళ్ల హైస్కూల్ పిల్లాడు. 1965లో అసలు పుస్తకం 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 28వ సంచికలో స్కూలు అయిపోయింది, అదే ఏడు కాలేజీలో చేరాడు. 1978లో డిగ్రీ పట్టాల వేడుక దాకా వచ్చాడు. లీతో కలిసి మొదటి నుంచీ బొమ్మలేసిన స్టీవ్ డిట్కో వెళ్లిపోయాక రొమీటా వచ్చాడు, మేరీ జేన్ మొహం మొదటిసారి చూపించింది 1966లో, 42వ సంచికలో. 1973లో 121వ సంచికలో పీటర్ ప్రేమించిన గ్వెన్ చనిపోయింది. చదివేవాళ్లతో పాటు వాడూ ఎదిగాడు, మెల్లగానే అనుకోండి. వాణ్ణి ఒక వయసు దగ్గర కట్టి పడెయ్యాలన్న ఆలోచన తర్వాత వచ్చిన ఎడిటర్లది. లీ, డిట్కోలది కాదు.

సీతమ్మధార చదువరి:
నేను ఆపేసిన చోటు చెబుతాను. 'వన్ మోర్ డే' దగ్గర కాదు, 2010లో దానికి వివరణ అంటూ 'వన్ మొమెంట్ ఇన్ టైమ్' వచ్చింది చూడండి, అక్కడ. మెఫిస్టో మార్చాక గతం ఎలా జరిగిందో అందులో చూపించారు. పెళ్లి రోజు పీటర్ ఒక దొంగ గొడవలో దెబ్బ తగిలి పడిపోయాడు, పెళ్లికి రాలేకపోయాడు, పెళ్లి ఆగిపోయింది. అంతే! మన దగ్గరైతే పంతులుగారు మధ్యాహ్నానికి ఇంకో ముహూర్తం పెట్టేవారు. పైగా ఆ తర్వాత కూడా ఇద్దరూ కలిసే ఉన్నారట, ఒకే ఇంట్లో. అంటే పాత కథలన్నీ జరిగాయి, పెళ్లి ఒక్కటే జరగలేదు. మరి దేన్ని కాపాడటానికి ఇంత తతంగం?

అందరూ పీటర్ గురించే మాట్లాడతారు, నాకు మేరీ జేన్ గురించి కోపం. ఆమె కూడా ఒప్పుకుందని కథలో రాశారు సరే, తూటా తగిలిన పెద్దావిడ ముందు కోడల్ని నిలబెట్టి 'నీ కాపురమా, మా ఆంటీ ప్రాణమా' అంటే ఎవరు మాత్రం కాదంటారు? అది అడగడం కాదు. మే ఆంటీని నేను తక్కువ చెయ్యట్లేదు. 1995లో 400వ సంచికలో ఆమె ఎంత ప్రశాంతంగా, ఎంత నిండుగా చనిపోయిందో. అది ఆమె కాదు, ఎవరో నటి అని తర్వాత తేల్చి వెనక్కి తెచ్చారు. ఆ మంచి చావును ఆమెకే ఉంచి ఉంటే ఈ బేరమే ఉండేది కాదు.

కంచరపాలెం కిట్టు:
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. 'వన్ మోర్ డే' రాసిన స్ట్రాజిన్‌స్కీయే దాని చివరి రెండు సంచికల మీద తన పేరు తీసెయ్యమన్నాడు. ఆయనకే మింగుడు పడలేదు.

ఎంవీపీ అట్టపెట్టె:
మీరు కథల గురించి కొట్టుకోండి, నేను కాగితం గురించి ఏడుస్తాను. 2000ల మొదట్లో గోథమ్ కామిక్స్ వాళ్లు మన దేశంలోనే చవగ్గా వేసిన స్పైడర్‌మ్యాన్ సంచికలు చాలా పోగేశాను. పూర్ణా మార్కెట్ వైపు పాత పుస్తకాల్లో కొన్ని, రైల్వే స్టేషన్ స్టాల్లో కొన్ని. మాది సముద్రానికి దగ్గర. ఈ ఉప్పుగాలికి ముందు పిన్నులు తుప్పు పడతాయి, ఆ మరక మధ్య పేజీకి పాకుతుంది, తర్వాత అట్ట ఊడుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ రోజు కిటికీ అద్దాలు పగిలి బీరువా కిందికి నీళ్లొచ్చాయి. పై పెట్టె మిగిలింది, కింది పెట్టెలో పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇప్పుడు ఒక్కో సంచిక ప్లాస్టిక్ కవర్లో, వెనక అట్ట, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు, పెట్టె అటక మీద. పొట్లాలు వర్షాకాలంలో మార్చకపోతే దండగ. బీచ్ వైపు ఉండేవాళ్లు పిన్నులు తీసేసి దారంతో కుట్టుకుంటే అన్నిటికంటే మేలు. అమ్మేటప్పుడు విలువ పోతుందంటారు. నేను అమ్మను కదా.

అన్నట్టు నా దగ్గర 'స్పైడర్‌మ్యాన్ ఇండియా' నాలుగు సంచికలూ బతికే ఉన్నాయి, 2004వి. ముంబైలో పవిత్ర్ ప్రభాకర్, పంచెకట్టు, సాలీడు కుట్టదు, ఒక యోగి శక్తులిస్తాడు. కథ మామూలుదే, జీవన్ కాంగ్ బొమ్మలు బాగుంటాయి. 2023లో 'అక్రాస్ ది స్పైడర్ వర్స్' సినిమాలో ఈ పవిత్ర్ కనిపించాక మా అన్నయ్యగారి అబ్బాయి వచ్చి చూపించమంటున్నాడు. అంతకుముందు వాడికి అవి చెత్తకాగితాలు.

బీచ్‌రోడ్ బ్రో:
బ్రో ఆ నాలుగూ నాకు చూపించరా ప్లీజ్, చేతులు కడుక్కుని వస్తా.

గాజువాక సాలీడు:
మళ్లీ పెళ్లి విషయానికి వద్దాం. నిక్ స్పెన్సర్ అసలు పుస్తకం రాసిన కాలంలో, 2018 నుంచి 2021 దాకా, నేను ఇంచుమించు నమ్మేశాను. మొదటి సంచికలోనే ఇద్దర్నీ కలిపాడు. కిండ్రెడ్ అనే విలన్ని తెచ్చి పీటర్ చేసిన పాపమేదో ఉందని ఊరించాడు. మెఫిస్టోని కూడా లాక్కొచ్చాడు. ఇంక తేల్చేస్తాడు అనుకున్నా. 2018లో మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టిన లెక్కలో 74వ సంచికతో ఆయన వెళ్లిపోయాడు, పెళ్లి ఊసే లేదు. 2022లో జెబ్ వెల్స్ వచ్చి ఆర్నెల్లు ముందుకు గెంతి, మేరీ జేన్‌ని పాల్ అనేవాడి పక్కన పిల్లలతో చూపించాడు. ఆ పాల్ పేరెత్తితే ఇప్పటికీ బీపీ పెరుగుతుంది.

ఉక్కునగరం పాతకాపు:
నా లెక్క చెబుతాను. అసలు పుస్తకంలో పెళ్లి రాదు. పెళ్లి కోరేవాళ్ల కోసం వేరే లోకంలో ఒక పుస్తకం ఎప్పుడూ ఉంచుతారు, ఒకటి ముగిస్తే ఇంకొకటి. అల్టిమేట్ లోకాన్ని కూడా ముగిస్తున్నామని ప్రకటించారు కదా, చూడండి, ఆ వెనకే ఇంకోటి వస్తుంది. రెండు రకాల పాఠకులూ డబ్బులు పెడుతుంటే ఏ ఎడిటరూ ఒక దాన్ని మూసుకోడు.

సీతమ్మధార చదువరి:
నేనైతే వస్తుందంటాను, కానీ మెఫిస్టో బేరం విప్పి కాదు. విప్పితే మే ఆంటీ చావాలి, ఆ పాపం ఏ రచయితా నెత్తిన వేసుకోడు. కొత్తగా, మామూలుగా, రెండోసారి పెళ్లి చేసుకుంటారు. 2025లో మేరీ జేన్‌కి వెనమ్ అనే గ్రహాంతర జీవి అంటుకుందని తేల్చారు చూశారా, ఇన్నాళ్లకు ఆమెకూ సొంత కథ, సొంత బలం ఇచ్చారు. ఇద్దరూ సమానంగా నిలబడితే 'భార్య వల్ల హీరో ముసలివాడైపోతున్నాడు' అన్న గోల ఉండదు.

కంచరపాలెం కిట్టు:
సినిమా సంగతి ఆలోచించారా? 2026 జులై 31కి ప్రకటించిన సినిమా పేరు 'బ్రాండ్ న్యూ డే'. కామిక్స్‌లో 2008లో పెళ్లి పోయాక మొదలైన కథకు పెట్టిన పేరే అది! సినిమా వాళ్లకు ఒంటరి పీటరే కావాలి, కామిక్స్ వాళ్లు సినిమా వైపు చూస్తూ ఉంటారు. సినిమాల్లో పీటర్‌కి పెళ్లయ్యేదాకా పుస్తకంలో అవ్వదు. కావాలంటే రాసి పెట్టుకోండి.

బీచ్‌రోడ్ బ్రో:
అయితే పెద్దవాడైన పీటర్‌ని చదవాలంటే ఏది చదవాలి? ఒక్కటి చెప్పండి, బడ్జెట్ లేదు.

ఉక్కునగరం పాతకాపు:
'లైఫ్ స్టోరీ', 2019. రాసింది చిప్ జ్డార్‌స్కీ, బొమ్మలు మార్క్ బాగ్లీ. ఆరు సంచికలు, ఒక్కోటి ఒక్కో దశాబ్దం. 1962లో పదిహేనేళ్లవాడైతే 2010ల నాటికి ఎలా ఉంటాడో అలాగే, జుట్టు నెరిసి. విడి సంచికలు వెతక్కు, ఒకే పుస్తకంగా వచ్చింది. నా దగ్గరుంది, ఆదివారం కూర్మన్నపాలెం జంక్షన్‌కి వస్తే ఇస్తాను. అట్టపెట్టె గారూ, మీరూ ఆ నాలుగు సంచికలు తెస్తే మేమూ చూస్తాం.

ఎంవీపీ అట్టపెట్టె:
తెస్తా. వాన పడితే మాత్రం రాను.