వేసవిలో అరకు, పాడేరు వెళ్లొచ్చా?

గుంటూరు బాటసారి:
అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో ఏప్రిల్లో అరకు వెళ్దామనుకుంటున్నా. నాన్నకి మోకాళ్ల నొప్పులు. "ఎండల్లో అక్కడేముంటుంది, చలికాలంలో వెళ్లాలిగానీ" అని ఆఫీసులో అందరూ ఒకటే నవ్వు. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

విశాఖవాసి:
వాళ్ల మాటలో సగం నిజం ఉంది. వలిసె పూల పసుపు చూడాలంటే అక్టోబరు ఆఖరు, నవంబరు. వంజంగి కొండ మీంచి కనిపించే మేఘాలూ, లంబసింగి మంచూ చలికాలపు సరుకే. అయినా రైలు ప్రయాణానికి కాలంతో పనిలేదు. పొద్దున్నే విశాఖలో కిరండూల్ పాసింజర్ ఎక్కండి. 1960ల్లో ఛత్తీస్‌గఢ్ వైపు బైలడిల్లా గనుల ఇనుప ఖనిజం కోసం వేసిన లైను అది, మన షికారు కోసం కాదు. గూడ్సు ఎదురొస్తే ఆగాల్సింది మనమే, విసుక్కోకండి. 58 సొరంగాలు. లోపలికి వెళ్లగానే పెట్టె పెట్టెంతా కేకలు పెడుతుంది. మా అమ్మ మొదట్లో చెవులు మూసుకుంది. పదో సొరంగం నుంచి కేక మొదలెట్టేది తనే!

బుల్లెట్ బాబాయ్:
బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉంటాయి, కొన్నిచోట్ల తడిగా జారతాయి కూడా. మీ నాన్నగారు కొంతవరకు దిగి, ఆ గుహ ఎత్తు చూసి ఆగిపోవడం మేలు. కటికి జలపాతం ఆయనకి వద్దు. అనంతగిరి దగ్గర కాఫీ తోటల్లో కూర్చోబెట్టండి. వేసవి జల్లు పడ్డాక వెళ్తే తెల్లటి కాఫీ పూలు కనిపిస్తాయి, అచ్చం మల్లెల వాసన. బొంగు చికెన్ మాత్రం ముందే కాల్చిపెట్టింది తినకండి. ఆకుతో మూతి బిగించిన బొంగుని మీ ముందే నిప్పుల మీద పెట్టించుకోండి.

పాడేరు ఆడపడుచు:
ఏప్రిల్లో ఏముంటుంది అని అడిగేవాళ్లని చూస్తే మాకు నవ్వొస్తుంది. మా పండగలన్నీ అప్పుడేనండీ! చైత్రంలో ఇటుకల పండగ. విత్తనాలకి పూజ చేస్తాం, మగాళ్లు వేటకెళ్తారు. ఖాళీ చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లం పేడనీళ్లు చల్లుతాం. మా తాతయ్య ఒక ఏడు చీకటి పడేదాకా ఊరి బయటే దాక్కున్నాడట. ఈ పండగ రోజుల్లో రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి బళ్లు ఆపి డబ్బులు అడుగుతాం. దారిదోపిడీ అనుకుని కంగారు పడకండి, తోచింది ఇవ్వండి చాలు.

మేలో అయితే పాడేరు మోదకొండమ్మ జాతర, మూడు రోజులు. అమ్మవారి పాదాలు, ఘటాలు గుడి నుంచి సతకంపట్టుకి, అంటే జాతర రోజుల్లో అమ్మవారిని నిలిపే చోటికి వస్తాయి. ఊళ్లో కాలు పెట్టే చోటుండదు. ఆ మూడు రోజులకి గది కావాలంటే చాలా ముందే చూసుకోవాలి.

హైదరాబాద్ కెమెరా:
గిరిజనుల థింసా నాట్యం ఫొటోలు ఎక్కడ బాగా వస్తాయి? పోయినసారి ఒక రిసార్టులో రాత్రి ఆడించారుగానీ, పది నిమిషాల్లో అయిపోయింది. చూస్తే వాళ్లూ అలసిపోయినట్టే ఉన్నారు.

పాడేరు ఆడపడుచు:
ఎందుకు అలసిపోరు? పగలంతా పొలం పని, రాత్రి మీ భోజనాల దగ్గర ఆట. ఊళ్లో అయితే తుడుము, మోరి మోగుతుంటే ఒకరి నడుము వెనక ఒకరు చెయ్యేసుకుని తెల్లారేదాకా ఆడతారు. ఫొటో తీసే ముందు అడగండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. అడక్కుండా మొహం మీదకి ఫోన్ పెడితే మాత్రం ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

విశాఖవాసి:
నిజమే. నేనూ ఒకప్పుడు ఆ తప్పు చేసినవాణ్ణే.

గుంటూరు బాటసారి:
వెళ్లొచ్చాం! బొర్రాలో నాన్న సగం దిగి కూర్చున్నారు, పిల్లలు శివలింగం దాకా వెళ్లొచ్చారు. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం ఒక పూటలో అయిపోయాయి. మధ్యాహ్నం ఎండ బాగానే ఉంది, చల్లదనమంతా పొద్దునా రాత్రీనే. కాఫీ పూలు దొరకలేదు, మేం వెళ్లేసరికి రాలిపోయాయి.

పాడేరు దారిలో నిజంగానే వెదురుకర్ర అడ్డం పెట్టారు. అరడజను మంది ఆడవాళ్లు, ఒకావిడ చంకలో బిడ్డ. డ్రైవరు హారన్ కొట్టబోతే నాన్నే ఆపి, కిటికీ అద్దం దించి వంద ఇచ్చారు. వాళ్లు కర్ర ఎత్తకుండా పాట అందుకున్నారు. అమ్మ కిందికి దిగింది. ఒకావిడ అమ్మ నడుము చుట్టూ చెయ్యి వేసి, అడుగు ఎలా వెయ్యాలో చూపించింది. ముందుకు రెండు, వెనక్కి ఒకటి అనుకుంటా, అమ్మకి కుదరలేదు. అందరూ నవ్వారు. నేను ఫోన్ తీసి, అడుగుదామా వద్దా అని ఆలోచిస్తుండగానే పాట అయిపోయింది.

పాడేరు ఆడపడుచు:
వచ్చే ఏడు మేలో రండి. అమ్మగారికి అడుగు నేను నేర్పిస్తా.