పల్లి చేన్లో పందికీ పురుగుకూ తేడా కెమెరాకు తెలియడం లేదు, సాయం చేయండి

మాది అచ్చంపేట దగ్గర, నల్లమల అంచున ఉన్న ఊరు. మా నాయిన 3 ఎకరాల్లో పల్లి వేశాడు. కాయ ఊరే టైంలో అడవి పందులు దిగి సాళ్లకు సాళ్లు తవ్వేస్తున్నాయి. రాత్రంతా ఆయన మంచె మీద టార్చ్‌లైట్‌తో కూర్చోవడం చూడలేక, రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు నైట్ విజన్ కెమెరా, 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ లైటు బిగించాను. పంది గట్టు దాటితే సైరన్ మోగాలి, అంతే.

వీడియోను విశ్లేషించే ఓపెన్‌సీవీ సాఫ్ట్‌వేర్‌లో ఎంఓజీ2 అనే పద్ధతితో కదలని బ్యాక్‌గ్రౌండ్ తీసేసి, కదిలేదాన్ని పట్టుకుంటున్నా. నీడలు 127 విలువతో బూడిద రంగులో వస్తాయి కాబట్టి థ్రెషోల్డ్‌తో, అంటే ఒక హద్దు విలువ పెట్టి, వాటిని తీసేశాను. పగలు మా మేక మీద ట్రై చేస్తే బాగానే పనిచేసింది. రాత్రి మాత్రం గాలికి పల్లి ఆకులు ఊగినా సైరనే, లెన్స్ ముందు పురుగు ఎగిరినా సైరనే. మొన్న ఒక పురుగు తెర మీద తెల్లటి ముద్దలా, పందికన్నా పెద్దగా కనపడింది. లైటును కెమెరాకు దూరంగా, వేరే గుంజకు కడితే ఈ బాధ తగ్గుతుందా?

ఇంకోటి. కదిలే ప్రతిదానికీ ప్రోగ్రామ్ ఒక నంబర్ ఇస్తుంది. పంది కంది సాలు వెనక్కి పోయి బయటికొస్తే అదే పందికి కొత్త నంబర్ పడుతోంది. కల్మాన్ ఫిల్టర్ పెట్టా. అది వేగాన్ని బట్టి తర్వాతి చోటు అంచనా వేస్తుంది, కానీ పంది అక్కడే ఆగి తవ్వుతుంది కదా, తెర మీద దాని చుట్టూ గీసే బాక్స్ మాత్రం ముందుకు పోతోంది. ప్రాసెస్ నాయిస్ (కదలిక అంచనా ఎంత తప్పొచ్చో ఫిల్టర్‌కు చెప్పే విలువ) పెంచాలా? పాత నంబర్‌ను ఎన్ని ఫ్రేముల దాకా ఉంచాలి?

ఒంటి వేడిని చూసే థర్మల్ కెమెరా కొనే స్తోమత లేదు. పంట తీయడానికి ఇంకా 20 రోజులే ఉంది. ఇలాంటిది చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి అన్నా, అక్కా.