ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటే కారు ఆక్స్‌లో గుయ్యిమని మోత

ప్రశ్న:
కారు పాతది. స్టీరియోలో బ్లూటూత్ లేదు, ఆక్స్, యూఎస్‌బీ ఉన్నాయి. ఫోన్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఆక్స్‌కి కేబుల్ పెడితే పాటలు బాగానే వస్తాయి. లైటర్ సాకెట్‌లో ఛార్జర్ పెట్టగానే గుయ్యిమని మోత మొదలు. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ అదీ సన్నబడుతూ పైకి లేస్తుంది. కేబుల్ మారిస్తే పోతుందాండీ?

జవాబు 1:
కేబుల్ మార్చినా పోదండీ. ఇది గ్రౌండ్ లూప్. ఛార్జర్ నెగటివ్, స్టీరియో నెగటివ్ రెండూ కారు బాడీకే చేరతాయి కానీ వేర్వేరు చోట్ల. ఆ రెండు చోట్ల మధ్య ఉండే కొద్దిపాటి వోల్టేజ్ తేడాకి ఆక్స్ కేబుల్ గ్రౌండ్ (నెగటివ్) తీగలోంచి కరెంటు పారుతుంది. ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ హెచ్చుతగ్గులు దాంతోపాటే పాటలో కలుస్తాయి. అందుకే మోత ఇంజిన్ వేగాన్ని బట్టి మారుతోంది.

ఏమీ కొనకముందు ఫోన్‌ని పవర్ బ్యాంక్‌తో ఛార్జ్ చేస్తూ వినండి. పవర్ బ్యాంక్ మాత్రం కారు సాకెట్‌కి తగిలించి ఉండకూడదు. మోత పోతే కారణం ఇదే. అప్పుడు 3.5 మి.మీ. గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ తీసుకోండి. లోపల ఎడమకొకటి, కుడికొకటి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. పాట దాటుతుంది, గ్రౌండ్ కలవదు. మరీ చవక రకాల్లో ట్రాన్స్‌ఫార్మర్ లోపలి కోర్ (తీగ చుట్టే దిమ్మ) చిన్నది కాబట్టి బేస్ తగ్గుతుంది, తిరిగి ఇచ్చే వీలున్నచోట కొనండి.

పవర్ బ్యాంక్ పెట్టినా మోత ఉంటే స్టీరియో వెనక నల్ల తీగ చూడండి. అది బాడీకి బిగించిన చోట తుప్పో పెయింటో ఉంటే గీకి గట్టిగా బిగించాలి.

ఇంకోటి, ఫోన్ వాల్యూమ్ 80-90 శాతం పెట్టి మిగతాది స్టీరియోలో పెంచండి. ఫోన్‌లో తగ్గించి స్టీరియోలో పెంచితే పాటతో పాటు మోతా పెరుగుతుంది.

జవాబు 2:
ఆక్స్‌కి పెట్టే బ్లూటూత్ రిసీవర్ కొందామనుకుంటే సొంత బ్యాటరీ ఉన్నదే చూడండి. కారు సాకెట్ నుంచి కరెంటు తీసుకునేదైతే ఇదే మోత మళ్ళీ రావచ్చు. ఫోన్ పాటని కారు రేడియోకి పంపే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ జోలికి వెళ్ళొద్దు. హైదరాబాద్‌లో 91.1, 93.5, 101.9, 102.8 ఇలా స్టేషన్ల మధ్య ఖాళీ వెతకాలి, ఊరు దాటితే మళ్ళీ మార్చుకోవాలి. ఆక్స్ ఉన్నవాళ్ళకి ఆ బాధ దేనికి?

జవాబు 3:
యూఎస్‌బీ ఉందంటున్నారు కదా, పెన్ డ్రైవ్ పెడితే ఈ గొడవే లేదు. 32 జీబీది తీసుకుని ఫ్యాట్32లో (డ్రైవ్‌లో ఫైళ్ళు అమర్చే ఒక పద్ధతి) ఫార్మాట్ చేయండి. 64 జీబీవి మామూలుగా ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే పద్ధతిలో వస్తాయి, చాలా పాత స్టీరియోలు దాన్ని చదవవు. పాటలు ఎంపీ3లో ఉంచండి. చాలా సెట్లు పేర్ల వరసలో కాకుండా కాపీ చేసిన వరసలోనే పాడతాయి, కాబట్టి ఫోల్డర్లు ఒక్కొక్కటిగా, కావలసిన వరసలో కాపీ చేయండి. తెలుగు లిపిలో పేర్లుంటే తెరమీద డబ్బాలు కనిపించవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే వెతకడం తేలిక.

ప్రశ్న అడిగినవారు:
పవర్ బ్యాంక్‌తో మోత పోయింది, థాంక్సండీ. ఐసోలేటర్ ఫోన్ వైపు పెట్టాలా, స్టీరియో వైపా?

జవాబు 1:
ఏ వైపైనా ఒకటే. స్టీరియో వైపు పెడితే డ్యాష్‌బోర్డ్ కింద దాగిపోతుంది, గేర్‌కి అడ్డం రాదు.