21 ఏళ్ల నిబంధన మా ఊరి బడ్డీకి వర్తించదా?

ప్రశ్న (నరసన్నపేట దగ్గరి పల్లె నుంచి):

గత నెలలో తొమ్మిదో తరగతి చదివే మా తమ్ముడి కొడుకును ఉల్లిపాయల కోసం బడ్డీకి పంపాము. వాడికి ముందు నిలబడిన మరో కుర్రవాడికి, మహా అయితే పదిహేనేళ్లుంటాయేమో, బడ్డీ యజమాని బియ్యం బస్తా వెనక నుంచి క్వార్టర్ సీసా తీసి, పాత పేపరులో చుట్టి, సంచిలో వంకాయల కింద దాచి ఇచ్చాడట. కుర్రవాడు "మా నాన్నకి" అన్నాడట. సీసా మీద ధర 99 రూపాయలైతే తీసుకున్నది 120. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు కదా, మరి ఈ బడ్డీని అడిగేవారెవరు? ఊళ్లో ఎవరిని కదిపినా "ఎక్కడ లేదు బాబూ" అంటున్నారు. మీ ఊళ్లలో ఎవరైనా ఆపగలిగారా?

జవాబు 1 (విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆమదాలవలస):

వయసు నిబంధనకు జడిసేవాడు లైసెన్సు ఉన్న దుకాణదారు. బెల్టు షాపు నడిపేవాడికి లైసెన్సే లేదు కాబట్టి పోయేదీ లేదు. అందుకే మీరు 21 ఏళ్ల సంగతి పక్కనపెట్టి, 2015 నాటి బాలల న్యాయ చట్టాన్ని పట్టుకోండి. 18 ఏళ్లలోపు పిల్లలకు మద్యం ఇచ్చినవారికి 77వ సెక్షన్ కింద, పిల్లల చేత మద్యం మోయించినా అమ్మించినా 78వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. రెండోది చదివితే సీసా తెమ్మని కొడుకును పంపిన తండ్రి కూడా ఉలిక్కిపడాలి.

జవాబు 2 (డ్వాక్రా సంఘ సభ్యురాలు, గజపతినగరం):

మాస్టారు చెప్పిన సెక్షన్లు సరే, ఊళ్లో కేసు పెట్టేదెవరు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకు వ్యతిరేకంగా కదిలింది సెక్షన్లు చూసుకుని కాదు. మరుసటి ఏడాదికల్లా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది. మళ్లీ అదే రావాలని నా అభిప్రాయం.

జవాబు 3 (ఇచ్ఛాపురం):

అమ్మా, మీ బాధ నిజమే గానీ, ఆ సంపూర్ణ నిషేధం 1997లో ఎత్తేశారన్నది కూడా చెప్పాలి. మాకు పురుషోత్తపురం చెక్‌పోస్టు దాటితే ఒడిశా. 2019 అక్టోబరులో దుకాణాలను ప్రభుత్వమే తీసుకుని ధరలు పెంచినప్పుడు ఇక్కడ తాగేవారు తగ్గలేదు, సీసాలు అటు నుంచి రావడం మొదలైంది. 2024 అక్టోబరులో దుకాణాలు మళ్లీ ప్రైవేటు చేతికి వెళ్లాయి. విధానం ఎన్నిసార్లు మారినా, ఊరి బడ్డీకి సరుకు ఏదో ఒక లైసెన్సు దుకాణం నుంచో సరిహద్దు అవతలి నుంచో వస్తూనే ఉంది. బడ్డీవాణ్ణి పట్టుకుంటే పది సీసాలు దొరుకుతాయి, వాడికి పెట్టెలకొద్దీ దించిపోయేవాణ్ణి అడగాలి.

ప్రశ్న అడిగినవారు:

మాస్టారూ, మీరు చెప్పిన సెక్షన్ చదివి నిన్న బడ్డీకి వెళ్లాను. యజమాని నాకు వరసకు బావ అవుతాడు. "నేను అమ్మకపోతే పక్కూరు వెళ్లి కొనుక్కుంటాడు, నడక ఎక్కువ, అంతే" అన్నాడు. ఎక్సైజ్ స్టేషనుకు అర్జీ రాసి పెట్టాను, పెట్టెలు దించే ఆటో సంగతి కూడా చేర్చాను. ఇంతవరకు సంతకం నాదొక్కటే. ఆ కుర్రవాడి తల్లి తానూ పెడతానన్నారు గానీ, ఇంట్లో మగవాళ్లు లేని పూట చూసి రమ్మన్నారు.