పిల్లల ఫోన్ పిచ్చికి కారణం అమ్మానాన్నలేనా?

హన్మకొండ_పంతులు:
మొన్న బడిలో మీటింగ్ పెడితే తొమ్మిదో తరగతి పిల్లాడి తండ్రి వచ్చి, "సార్, వీడు రాత్రి రెండింటిదాకా రీల్సే. జర మీరన్నా చెప్పండి" అన్నాడు. నాతో మాట్లాడినంతసేపూ ఆయన చెయ్యి ఫోన్ మీదే ఉంది. పక్కన పిల్లాడు నవ్వాపుకుంటున్నాడు. ఇంట్లో పెద్దలు మారకుండా పిల్లలు మారరని నేనంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

ఎనుమాముల_మిర్చి:
నేను కాదంటున్నా. ఫోన్ పెట్టించింది బడులు. 2020లో మా పోరడు ఐదో తరగతి. ప్రైవేటు స్కూలు వాళ్లు ఫోన్ లేకుంటే క్లాసు లేదన్నారు, ఫీజు మాత్రం కట్టమన్నారు. అప్పు చేసి కొన్నా. ఇప్పుడు వాడు టెన్త్. చేసిందంతా వాళ్లు చేసి, ఇప్పుడు మమ్మల్ని అంటారా?

హన్మకొండ_పంతులు:
2020 సెప్టెంబర్ 1 నుంచి సర్కారు బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ చదువుల చానల్ టీ-శాట్‌లో వచ్చాయి. వాటికి టీవీ చాలు. ఫోన్ కొనమని మేం చెప్పలేదు.

ఎనుమాముల_మిర్చి:
ప్రైవేటు బడి పిల్లలకు యాదగిరి చానల్ ఎవరు పెట్టారు సార్? వర్క్‌షీట్లు వాట్సాప్‌లో పంపింది మీ సార్లు కాదా?

కాజీపేట_జంక్షన్:
మా ఇంట్లో రాత్రి పదింటికి వైఫై బంద్. అంతే. ఏ లొల్లీ లేదు.

భీమారం_బాబాయ్:
పక్కింటి పాస్‌వర్డ్ మీవాడి దగ్గర ఉందేమో చూడు అన్నా.

నర్సంపేట_డిగ్రీ:
పిల్లల తరఫున ఒక్కడన్నా రాయాలని రాస్తున్నా. ఇంటర్‌లో నేను హాస్టల్. అక్కడ ఫోన్ లేదు, సెలవుకు ఇంటికొస్తే రాత్రంతా ఫోనే. మా బాపు ప్యాటర్న్ అడిగి నా చాట్లన్నీ చదివేవాడు. అందుకని ఇంకో పేరుతో అకౌంట్ తెరిచా. దాంట్లో ఒకడు పరిచయమై, నా ఫొటోలు మార్చి డబ్బులు అడిగాడు. ఇంట్లో చెప్పలేకపోయా. వాడి కంటే బాపు ఫోన్ గుంజుకుంటాడనే ఎక్కువ భయం. చివరికి ఒక సీనియర్ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాడు. పదింటికి వైఫై బంద్ చేస్తే ఇవి ఆగుతాయా?

కాజీపేట_జంక్షన్:
తమ్మీ, నేను వైఫై గురించి మాత్రమే రాశాను. చాట్లు చదవమని రాయలేదు.

ఎనుమాముల_మిర్చి:
మేం చూడకుంటే ఎవరు చూస్తారు? నేనైతే మొన్న దసరా సెలవుల్లో ఫోన్ నేలకేసి కొట్టా. వారం రోజులు మాట్లాడలేదు, అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత అంతా మామూలే.

నర్సంపేట_డిగ్రీ:
మామూలైందని మీకు చెప్పింది ఎవరు, మీ అబ్బాయేనా?

వార్డు_డ్యూటీ:
నర్సుగా ఒక మాట. ఫోన్ ఎక్కువ చూసే ప్రతి పిల్లాడికీ జబ్బు అని పేరు పెట్టకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో ఉన్నది గేమింగ్ డిజార్డర్. ఆటను అదుపు చేసుకోలేకపోవడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టమని తెలిసినా ఆపలేకపోవడం, ఇవన్నీ సాధారణంగా 12 నెలలన్నా ఉంటేనే ఆ మాట వాడతారు. నిద్ర, తిండి, చదువు మూడూ పాడైతే మాత్రం ఆగొద్దు. మానసిక సమస్యలకు సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో దీనికోసమే షట్ క్లినిక్ ఉంది. ఫోన్ పగలగొట్టడం వైద్యం కాదన్నా.

ఎనుమాముల_మిర్చి:
బెంగళూరు పోవాలట! మా నాయిన బెత్తం పట్టుకుంటే ఏ క్లినిక్కూ అవసరం పడలేదు.

హన్మకొండ_పంతులు:
మీ నాయిన కాలంలో ఫోన్ లేదు. నేను చెప్పేది మళ్లీ అదే, పెద్దలు ముందు తమ చేతిలోది పక్కన పెట్టాలి.

జగిత్యాల_అమ్మ:
నిన్నటి నుంచి చదువుతున్నా. సార్, ఫోన్ పక్కన పెట్టమంటున్నారు. మా ఆయన దుబాయ్‌లో ఉంటాడు. ఈ పిల్లలకు తండ్రి అంటే రాత్రి పదిన్నరకు వచ్చే వీడియో కాల్. అది పక్కన పెడితే తండ్రే ఉండడు. పోయినసారి లీవులో వచ్చినప్పుడు పెద్దోడికి ఖరీదైన ఫోన్ తెచ్చాడు, నన్ను అడగలేదు. రెండేళ్ల మీద వచ్చినోడు ఏం తెస్తాడు మరి, ప్రేమ అట్లనే తెలుస్తుంది. ఇప్పుడు మార్కులు తగ్గితే "ఇంట్లో ఉండి ఏం చేస్తున్నవ్" అని నన్నే అడుగుతాడు. నేను గుంజుకుంటే వాడు బాపుకు ఫోన్ చేసి ఏడుస్తాడు, ఆయన అక్కడి నుంచి "ఇచ్చెయ్" అంటాడు. వైఫై బంద్ చేస్తే ఆయన కాల్ ఎట్లొస్తది?

ఎనుమాముల_మిర్చి:
మీ ఆయన తప్పేం లేదక్కా. ఎండలో కష్టపడుతున్నాడు. ఇంట్లో ఉన్నవాళ్లు గట్టిగా ఉండాలి.

జగిత్యాల_అమ్మ:
ఎండ సంగతి మీరు నాకు చెప్పాలా? మీరంతా అమ్మానాన్నలు అని రాస్తున్నారు గానీ, జవాబు అడిగేది తల్లినే. కొనేది ఒకరు, కొట్టేది ఒకరు, వారం రోజులు అన్నం తినమని బతిమాలేది ఇంకొకరు. వద్దని ఇద్దరూ ఒకే మాట చెప్పే ఇల్లు ఎన్ని ఉన్నాయి ఇక్కడ? ఒకరు కాదంటే ఇంకొకరి దగ్గర దొరుకుతుందని పిల్లలకు మనకంటే ముందే తెలుసు.

నర్సంపేట_డిగ్రీ:
నిజం అక్కా. నాకు రీఛార్జ్ మా అమ్మే చేయించేది, బాపుకు తెలియకుండా.

హన్మకొండ_పంతులు:
అమ్మా, నేను తల్లిని అనలేదు. మా మీటింగుకు వచ్చింది తండ్రే కదా.

జగిత్యాల_అమ్మ:
మీరు అనలేదు సార్. పేరు పెట్టకుండా అన్నా తగిలేది మాకే. మిర్చి అన్నా, మీ పోరడు తినని ఆ వారం సంగతి మీ ఇంటామెను ఇక్కడ రాయమనండి.

ఎనుమాముల_మిర్చి:
ఆమెకు టచ్ ఫోన్ లేదక్కా. అవసరం లేదని కొనలేదు. అయినా ఇందులో ఆమెకేం సంబంధం? ఫోన్ కొన్నది నేను, పగలగొట్టింది నేను.