నాన్న పోయారు, అమ్మ రాయగడలో ఉంది. ముందు ఏ కాగితం పట్టుకోవాలి?

డల్లాస్, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. నేను అమెరికా వచ్చి నాలుగు నెలలయింది. మాది ఒడిశాలో రాయగడ. నాన్న జేకేపూర్ కాయితం మిల్లులో పనిచేసేవారు. ఇంకా రెండేళ్ల సర్వీసు ఉండగానే పోయిన నెల విశాఖ ఆసుపత్రిలో చనిపోయారు. పెద్దకర్మ అయ్యాక నేను తిరిగొచ్చేశాను. ఇంట్లో అమ్మ, ఇరవై ఒక్కేళ్ల చెల్లి ఉన్నారు. అమ్మకి ఏమేం వస్తాయి? అమ్మని వెంటనే ఇక్కడికి తెచ్చేసుకుందామని ఉంది. నా జీతంలో సోషల్ సెక్యూరిటీ అని కోస్తున్నారు కదా, అందులోంచి ఆవిడకి ఏమైనా వస్తుందా?

న్యూజెర్సీ, గుణుపురం అక్క:

తమ్ముడూ, ముందు టికెట్ మాట పక్కన పెట్టు. ఆ తొందరలోనే నేను దెబ్బతిన్నాను. మా నాన్నది రైల్వే. ఆయన పోయాక అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వచ్చేది. ఒక అక్టోబరులో అమ్మని ఇక్కడికి తెచ్చేశాను. నవంబరులో బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. పెన్షన్ ఆగింది. మార్చిలో అమ్మ వెళ్లి బ్యాంకు కౌంటర్ ముందు నిలబడితే, ఆ గుమాస్తా కంప్యూటర్ చూసుకుంటూ "బతికున్నట్టు మీ దగ్గర రుజువేముంది?" అన్నాడట. అమ్మ ఇప్పటికీ అది చెప్పి నవ్వుతుంది. బకాయిలు తర్వాత వచ్చాయనుకో. ఇక్కడి మన కాన్సులేట్ అధికారి సంతకంతో పంపినా చెల్లుతుందని నాకు అప్పుడు తెలీదు.

మీ నాన్నగారిది పీఎఫ్ కాబట్టి మీ దారి వేరు. మీ అమ్మగారికి రావాల్సినవి మూడు: పీఎఫ్ సొమ్ము, పీఎఫ్‌తో పాటు ఉండే ఈడీఎల్ఐ అనే బీమా, నెలనెలా వితంతు పెన్షన్. ఫారాలు వరసగా 20, 5-ఐఎఫ్, 10-డి. మూడూ మిల్లు ఆఫీసు ద్వారానే ఒకేసారి పెట్టించు. సర్వీసులో ఉండగా పోయారు గనక బీమా వర్తిస్తుంది. దాని గరిష్ఠం 7 లక్షలు. వితంతు పెన్షన్ కనీసం నెలకి 1,000 రూపాయలు, 2014 సెప్టెంబరు నుంచి అంతే ఉంది. ఆ వెయ్యితో రాయగడలో నెల గడవదు గానీ హక్కు హక్కే. చెల్లికి పాతికేళ్లు నిండేదాకా అమ్మ పెన్షన్‌లో నాలుగో వంతు విడిగా వస్తుంది, ఇది చాలామంది అడగనే అడగరు. గ్రాట్యుటీ మిల్లు ఇస్తుంది, చనిపోయినప్పుడు అయిదేళ్ల సర్వీసు షరతు ఉండదు.

ఇప్పుడు అసలు తలనొప్పి చెప్తాను. పేర్లు. మీ నాన్నగారు విశాఖలో పోయారు కాబట్టి మరణం అక్కడే రిజిస్టరవుతుంది, రాయగడలో దహనం చేసినా సరే. అక్కడివాళ్లు ఇంటిపేరు ముందు పెట్టి మన పద్ధతిలో రాస్తారు. మన ఆధార్‌లేమో ఒడిశాలో చేయించినవి. వెంకటరావు అన్న పేరు ఒడియాలోకి వెళ్తే బెంకట రాఓ అవుతుంది, దాన్ని ఇంగ్లీషులోకి దింపితే వి పోయి బి వచ్చి కూర్చుంటుంది. లక్ష్మి అన్నదాన్ని ఇంగ్లీషులో ఆంధ్రావాళ్లు కేఎస్‌హెచ్‌తో రాస్తారు, ఒడిశావాళ్లు ఎక్స్‌తో. పైగా ఇంటిపేరు చివరికి పోతుంది. మనిషి ఒక్కడే, కాగితాల మీద ముగ్గురు. మా మావయ్య ఫైలు ఈ ఒక్క అక్షరం మీద తిరిగొచ్చింది, రెండుసార్లు. అందుకని ముందు నాన్నగారి పీఎఫ్ రికార్డు, మరణ ధ్రువపత్రం, అమ్మ ఆధార్, అమ్మ పాస్‌బుక్ నాలుగూ ఫోటోలు తీయించి పక్కపక్కన పెట్టి చూడు. తేడా ఉంటే క్లెయిము పెట్టకముందే సరిచేయించు.

వారసుల సర్టిఫికెట్‌కి రాయగడ తహసీల్లో దరఖాస్తు పెట్టాలి. ఆర్ఐ, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, విచారణకి వస్తాడు, అభ్యంతరాలకి నోటీసు వేస్తారు. వాళ్లు అమ్మని చూడాలంటారు, అందుకే టికెట్ వద్దన్నాను. అన్నట్టు, నాన్నగారి ఏటీఎం కార్డుతో డబ్బు తీయొద్దని చెల్లికి గట్టిగా చెప్పు.

సోషల్ సెక్యూరిటీ సంగతి: అది పోయినవాళ్లు ఇక్కడ పనిచేసి కట్టినదాని మీద వస్తుంది. నాన్నగారు ఇక్కడ పనిచేయలేదు, కాబట్టి ఏమీ రాదు. నువ్వు కడుతున్నది రేపు నీ పెళ్లాం పిల్లల కోసం. చివరి మూడేళ్లలో ఏడాదిన్నర పని ఉంటే పిల్లలకీ, పదహారేళ్లలోపు బిడ్డని చూసుకుంటున్న భార్యకీ వస్తుంది. పిల్లలు లేని వితంతువుకి మామూలుగా 60 నిండాలి, అప్పుడు పోయినాయనకి రావాల్సిన మొత్తంలో 71.5 శాతం. ఒక్కసారి ఇచ్చేది 255 డాలర్లు, పూలదండలకి సరిపోతుంది. మన దేశంతో అమెరికాకి ఈ విషయంలో ఒప్పందం లేదు, అక్కడి పీఎఫ్ సర్వీసు ఇక్కడ కలవదు. మీ కంపెనీ ఇన్సూరెన్సులో నామినీగా అమ్మ పేరు రాయి, అది ఈ రాత్రే అయిపోయే పని.

పర్లాకిమిడి నుంచి, రిటైరైన మాస్టారు:

బాబూ, ఒడిశా ప్రభుత్వం ఇచ్చే భత్తా గురించి ఎవరూ రాయలేదని రాస్తున్నాను. ఇక్కడ పింఛను అంటే ఎవరికీ ఎక్కదు, విధవా భత్తా అనాలి. మధుబాబు పెన్షన్ యోజన అని 2008 జనవరి 1 నుంచి ఉంది, ఉత్కళ గౌరవ్ మధుసూదన్ దాస్ పేరు మీద. వితంతువుకి ఇందులో వయసుతో పని లేదు. 500 ఉండేది, 2024లో 1,000 చేశారు. పల్లెల్లో ప్రతి నెలా 15న పంచాయతీ ఆఫీసు దగ్గర ఇస్తారు, ఆ రోజు పొద్దున్నే అక్కడ చెట్టు కింద ముసలమ్మల వరస చూడాలి. కేంద్రం ఇచ్చే వితంతు పింఛనుకైతే 40 నిండాలి, బీపీఎల్, అంటే దారిద్ర్యరేఖకి దిగువన ఉన్న ఇల్లయి ఉండాలి. కేంద్రం వాటా 300. బీపీఎల్ ఇంటి పెద్ద 60లోపు పోతే ఒకేసారి 20,000 వచ్చేది కూడా ఉంది.

కానీ ఇవి దిక్కులేని ఇళ్లకి. వేరే పింఛను వచ్చేవాళ్లకి భత్తా ఇవ్వరు, ఆదాయ పరిమితి కూడా ఉంది. ఎవరో బ్రోకరు వచ్చి "ఇప్పిస్తాను, రెండు వేలు ఇవ్వండి" అంటే అమ్మగారు ఒప్పుకోకుండా చూడు. భార్య ఉద్యోగం చేసి పోతే భర్తకి కూడా పీఎఫ్ పెన్షన్ హక్కుంది, మగవాళ్లు అడగడానికి మొహమాటపడతారు. విధవా భత్తా మాత్రం ఆడవాళ్లదే. మగవాడు 60 నిండాక వృద్ధాప్య భత్తాకి పోవలసిందే.

పీఎఫ్ పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ నవంబరే అక్కర్లేదు, ఏ నెలలో ఇచ్చినా ఏడాది చెల్లుతుంది. ఫోన్‌లో అమ్మగారి ముఖం చూపించి అది ఇచ్చే పద్ధతి చెల్లికి నేర్పించు.

డల్లాస్, కొత్త సభ్యుడు:

అక్కా, మాస్టారూ, మీకు దండం పెట్టాలి. ఇప్పుడే వీడియో కాల్‌లో నాలుగు కాగితాలూ చూశాను. నాన్న పేరు మూడింట్లో సరిపోయింది. అమ్మది ఆధార్‌లో ఎక్స్, పాస్‌బుక్‌లో కేఎస్‌హెచ్. "నేనెప్పుడూ వేలిముద్రే కదురా వేసింది" అంటోంది. సోమవారం చెల్లి అమ్మని తీసుకుని ముందు బ్యాంకుకి, ఆ తర్వాత జేకేపూర్ వెళ్తుంది.